తుపాకీ దెబ్బ నుంచి ప్యూపా పెట్టె దాకా

1906లో న్యూగినీ అడవిలో ఆల్బర్ట్ మీక్ అనే సేకరణకర్త ఒక సీతాకోకచిలుకను తుపాకీతో కాల్చి పడగొట్టాడు. చెట్ల చిటారుకొమ్మల మీదుగా ఎగిరే దాన్ని వలతో అందుకోవడం కష్టం. రెక్కలు విప్పితే అడుగుకు కాస్త తక్కువ వెడల్పుండే ఆ ఆడ సీతాకోకచిలుక ప్రపంచంలోనే అతి పెద్ద జాతిది. మరుసటి ఏడాది దానికి బ్రిటన్ రాణి అలెగ్జాండ్రా పేరు పెట్టారు.

ఆనాటి సీతాకోకచిలుకల వ్యాపారం అలాంటిది. సరుకు అడవిది, సోకు యూరప్ ధనికుల అద్దాల పెట్టెలది. అడవి పక్క పల్లెలకు దక్కింది అంతంతమాత్రం.

పపువా న్యూగినీ ఈ లెక్కను మార్చింది. పెద్ద రెక్కల జాతులు ఏడింటికి 1966లోనే చట్టరక్షణ వచ్చింది. 1978లో బులోలో పట్టణంలో కీటకాల పెంపకం, అమ్మకం చూసే ప్రభుత్వ సంస్థ మొదలైంది. పల్లెవాళ్లు పెరటి అంచున ఈశ్వరి జాతి తీగలు నాటేవారు, తేనె కోసం మందారాలు పెట్టేవారు. అడవి సీతాకోకచిలుకలు తామే వచ్చి గుడ్లు పెట్టేవి. ప్యూపాలు కొన్ని ఏరుకుని, కొన్ని అడవికే వదిలేసేవారు. ఎగరకముందే దొరికే, రెక్క చెదరని సరుకు కాబట్టి వలలో పట్టిన దానికంటే మంచి ధర పలికేది.

దాదాపు అదే కాలంలో గ్వెర్న్సీ దీవిలో టమాటాలు పండించిన గాజు ఇళ్లలో సజీవ సీతాకోకచిలుకల ప్రదర్శన మొదలైంది. అది యూరప్, అమెరికాలకు పాకింది. దాంతో ప్రాణమున్న ప్యూపాలకు గిరాకీ పుట్టింది.

ఆ గిరాకీని అడవి కోసం వాడుకున్న చోటు కెన్యా తీరంలోని అరబుకో సొకోకే. సుమారు 420 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో 250కి పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. కానీ చుట్టూ ఉన్న పేద రైతుకు అది పంట మేసే ఏనుగులు, కోతులు దిగివచ్చే చోటు. 1990ల మొదట్లో అడిగి చూస్తే, దాన్ని నరికి భూములు పంచితే మేలన్నవాళ్లు సగానికి పైగా ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికేముంది? అడవి వాళ్ల నుంచి తీసుకుంటోందే తప్ప ఇస్తున్నది కనిపించలేదు.

1993లో జంతుశాస్త్రవేత్త ఇయాన్ గోర్డన్ చొరవతో, అక్కడి గెడె అనే పాత పట్టణపు శిథిలాల పక్కన 'కిపెపెయో' అనే సీతాకోకచిలుకల పెంపకం పథకం మొదలైంది. ఆ మాటకు స్వాహిలీలో సీతాకోకచిలుక అని అర్థం. అడవిలో పట్టిన తల్లి సీతాకోకచిలుకలు వల గూళ్లలో గుడ్లు పెడతాయి. గొంగళిపురుగులకు రోజూ లేత ఆకు కావాలి, చీమల నుంచి కాపలా కావాలి. కొన్ని జాతులకు నిమ్మ ఆకు చాలు, మరికొన్నిటికి అడవి చెట్ల ఆకే కావాలి. అందుకని రైతులు ఆ మొక్కలను ఇంటి దగ్గరే పెంచసాగారు. ప్యూపా కట్టగానే తూచినట్టు సమయం చూసుకుని విమానం ఎక్కించాలి. దారిలో రెక్క విప్పిందంటే శ్రమంతా వృథా.

ఈ వ్యాపారంలో బలహీనత లేకపోలేదు. కొనేవాళ్లలో ఎక్కువమంది దూరదేశాల వాళ్లే. 2020లో కరోనాతో ప్రదర్శనశాలలు మూతపడినప్పుడు ఆ సంగతి తేలిపోయింది. దొంగ కలప నరకడాన్ని కూడా సీతాకోకచిలుకలు పూర్తిగా ఆపలేకపోయాయి. అయినా తల్లి సీతాకోకచిలుక దొరకాలంటే అడవి ఉండాలన్నది పెంపకందారుకు బతుకులెక్క అయింది. నరికి పంచమన్న పల్లెల్లోనే అడవిని వెనకేసుకొచ్చేవాళ్లు తయారయ్యారు. కంచెలు, కేసులు సాధించలేని పని అది.