తెల్లగౌను వెనుక: ఇంగ్లండు చిన్న పట్టణాల పెళ్ళి ఫోటోలు

ఇరవయ్యవ శతాబ్ది తొలి రెండు దశాబ్దాల్లో ఇంగ్లండులోని చిన్న పట్టణాల్లో తీసిన పెళ్ళి ఫోటోలను గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తూంటాయి. పోయిన మంచి కాలానికి గుర్తులని మురిసిపోయేది ఒకటి. రెండవది మనవారిలోనే కొందరిది: అవి కార్మికుడు మధ్యతరగతిని అనుకరించిన వేషాలు, వాటిలో చూడవలసిందేమీ లేదని. మొదటిదానికి జవాబు అక్కరలేదు. రెండవదాన్ని మాత్రం ఊరికే వదలరాదు. లాంకషైర్ నేతమిల్లు పిల్ల, డర్హం బొగ్గుగని కుర్రవాడు తమ ముఖాలను తమ డబ్బుతో చరిత్రకు అప్పగించిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

వేషం మాట నిజమే. స్టూడియోలో రంగుల తెర, తెరమీద పాలరాతి స్తంభాలు, మేడమెట్లు, ముందు నగిషీ కుర్చీ. ఈ సరంజామా అంతా ధనికుల భవనాలకు నకలు. వరుడు కుర్చీలో కూర్చుంటాడు. వధువు పక్కన నిలబడి అతని భుజంమీద చెయ్యి వేస్తుంది. గౌను పూర్తిగా కనబడడానికే ఆమెను నిలబెట్టారంటారు. ఎవరు కూర్చోవాలో తేల్చింది గౌను ఒక్కటేనా? అయితే వధువు కూర్చున్న ఫోటోలూ ఉన్నాయి కనుక దీనిమీద పెద్ద సిద్ధాంతం కట్టనక్కరలేదు.

ఆ గౌను సంగతే చూద్దాం. 1840లో విక్టోరియా రాణి తెల్లని దుస్తుల్లో పెళ్ళాడిన తరువాత తెలుపు కలవారి ఆచారంగా స్థిరపడింది. ఒక్కరోజు తొడిగి పెట్టెలో దాచే గుడ్డ కొనే తాహతు కూలిజనానికి లేదు. పేదింటి పెళ్ళికూతుళ్ళలో చాలామంది ఆ తరువాత ఆదివారాలకు పనికివచ్చే నీలం, బూడిదరంగు దుస్తులే కుట్టించుకొన్నారు. మరి ఫోటోల్లో ఇందరు తెల్లగా కనిపిస్తారెందుకు? కొంత గుట్టు రసాయనంలో ఉంది. ఆనాటి గాజుపలకలు నీలికాంతిని బాగా పట్టేవి, ఎరుపును దాదాపు పట్టేవి కావు. కనుక లేతనీలం గౌను కాగితంమీద తెల్లబడుతుంది. ఎర్ర రిబ్బను నల్లబడుతుంది. అన్ని రంగులనూ పట్టే పలకలను క్రాయిడన్‌లోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ 1906లో అమ్మకానికి పెట్టింది. కాని వాటిని కడగడానికి కటికచీకటి కావాలి. ఎర్రదీపం కింద పనిచేసే చిన్న ఊరి ఫోటోగ్రాఫరు పాత పలకలను అంత తొందరగా వదలలేదు. ప్రబంధాల్లోని వివాహవర్ణనలు చదివి ఆనాటి రైతు ఇంటి పెళ్ళిని ఊహించుకొనేవారు మనలోనూ ఉన్నారు. ఈ ఆల్బములు చూసి ఇంగ్లండు పేదలంతా తెల్లగౌన్లలో పెళ్ళాడారనుకోవడం అలాంటిదే.

స్టూడియో వదిలి పెరట్లోకి వస్తే చరిత్ర ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1886 చట్టం ప్రకారం పెళ్ళి మధ్యాహ్నం మూడు గంటలలోపు జరగాలి; ఫోటోకు వెలుతురు చిక్కేది. ఇంటి వెనుక ఇటుకగోడ ముందు బల్లలు వేసి, ఒక్కొక్కప్పుడు నేలమీద ఇంట్లోని తివాచీ పరచి, బంధువులను వరుసలు కట్టించేవారు. పిల్లలు ముందు బాసీపట్లు వేసుకు కూర్చునేవారు. నెగటివ్‌మీద పెన్సిలుతో ముఖంలోని ముడుతలు మాపే పని స్టూడియోల్లో మామూలే. ముప్పై చిన్న ముఖాలున్న ఫోటోకు అంత శ్రమ ఎవరు పడతారు? అక్కడ టోపీ అరువుది కావచ్చు. తల్లి చేతులు, తండ్రి బూట్లు అరువువి కావు.

తపాలాశాఖ 1902లో కార్డు ఒకవైపంతా బొమ్మకు వదిలి, రెండవవైపే చిరునామా, కబురు రాసుకోనిచ్చింది. అప్పటినుంచి పెళ్ళి ఫోటోను నేరుగా కార్డుమీదే అచ్చువేసి, అరపెన్నీ బిళ్ళతో దూరాన దాసీపనిలో ఉన్న అక్కకో చెల్లెలికో పంపడం వీలైంది. 1911 చట్టం ప్రకారం హక్కు డబ్బిచ్చి తీయించుకొన్నవారిదే. గాజుపలక మాత్రం ఫోటోగ్రాఫరు అరలోనే ఉండేది. మరో ప్రతి కావాలంటే మళ్ళీ అతని దగ్గరికే పోవాలి.

1914 తరువాత వరుడి సూటు పోయి ఖాకీ వచ్చింది. వెనుక తెర మారలేదు, అవే పాలరాతి స్తంభాలు. కొద్దిరోజుల సెలవులో పెళ్ళీ, ఫోటో, ప్రయాణమూ ముగియాలి. 1916 జనవరి చట్టం పెళ్ళికాని మగవారిని నిర్బంధంగా సైన్యంలోకి లాగింది. మే నెలలో పెళ్ళయినవారి మినహాయింపూ పోయింది. 1918 జూన్‌లో కార్డు తపాలాఖర్చు రెట్టింపై ఒక పెన్నీ అయింది.