ఎవరికి నిర్జనం? అపరాధ పరిశోధక నవలలో డార్ట్‌మూర్, నల్లమల

ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ 1901-02లో ‘స్ట్రాండ్’ పత్రికలో ధారావాహికగా వెలువడింది. నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడు ఇందులో కేవలం నేపథ్యం కాదు. అక్కడి పొగమంచు చూపును కప్పుతుంది. ఊబి హంతకుడి వేటకుక్కను దాస్తుంది. జనసంచారం లేకపోవడం వంశశాపపు కథను నమ్మిస్తుంది. చివరకు దయ్యపు కుక్క ఒంటి వెలుగు భాస్వరపు పూత అని తేలుతుంది. స్థలం కలిగించిన భయాన్ని హేతువు తొలగించడమే ఈ నవలా నిర్మాణం.

ఈ నమూనా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లమలకు యథాతథంగా పొసగదు. ఇక్కడా పురాగాథ ఉంది, దాగే చోటూ ఉంది. వాటి అర్థమే వేరు. అహోబిలంలో సగం మృగమైన నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి చెంచుల ఇంటి అల్లుడయ్యాడు. 1846లో కంపెనీపై తిరగబడి కొండల్లో తలదాచుకున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ప్రభుత్వం నేరస్థుడిగా పరిగణించి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసింది. జానపద గేయాలు వీరుడిగా నిలిపాయి.

డాయిల్ నవలలోనూ బీడులో దాగిన ఖైదీ సెల్డెన్ లండన్ నుంచి వచ్చిన వాట్సన్‌కు మొదట క్రూర హంతకుడే; చాటుగా తిండి పంపే అక్కకు మాత్రం చిన్న తమ్ముడు. కాబట్టి నిర్జనత్వం నేల స్వభావం కాదు, బయటినుంచి వచ్చినవారి చూపు. తెలుగు అపరాధ పరిశోధక నవలల్లోని అడవిని పరిశీలించేటప్పుడు, ఆ చూపు ఎవరిదన్న ప్రశ్నతోనే విశ్లేషణ మొదలవ్వాలి.