చెరిగిపోయిన 59 పాయింట్లు

2018 జులై 27, శుక్రవారం. బుడాపెస్ట్ దగ్గరి హంగరోరింగ్‌లో కార్లు ప్రాక్టీసు చేసిన రోజే, లండన్ హైకోర్టు ఫోర్స్ ఇండియా ఫార్ములా వన్ జట్టును అడ్మినిస్ట్రేటర్ల చేతికి అప్పగించింది. కోర్టుకెక్కింది ఎవరో కాదు, ఆ జట్టు కారు నడిపే సెర్జియో పెరెజే. అతనికి రావాల్సిన బకాయి లక్షల డాలర్లలో ఉంది. అలాగే వదిలేస్తే జట్టు మూతబడి, సుమారు 400 మంది రోడ్డున పడతారన్నది అతని భయం. మర్నాడు క్వాలిఫయింగ్‌లో వాన. పెరెజ్, అతని సహచరుడు ఎస్టెబాన్ ఒకాన్ ఇద్దరూ తొలి విడతలోనే ఇంటిదారి పట్టారు.

ఎలాంటి జట్టు అది! 2008లో విజయ్ మాల్యా పేరు పెట్టి బరిలోకి దించినప్పుడు అందరికంటే వెనక పరిగెత్తేది. 2009 ఆగస్టులో బెల్జియంలోని స్పాలో ఆ జట్టు డ్రైవర్ జియాంకార్లో ఫిసికెల్లా పోల్ (రేసు మొదట్లో అందరికంటే ముందు స్థానం) కొట్టాడు. అప్పటిదాకా ఒక్క పాయింటూ లేని జట్టు, రేసులో సెకను కూడా తేడా లేకుండా ఫెరారీ డ్రైవర్ రైకొనెన్ వెనక రెండో స్థానంలో నిలిచింది. ఆ ఆనందం తీరకముందే ఫిసికెల్లాను ఫెరారీ ఎగరేసుకుపోయింది. అయినా జట్టు నిలబడింది. పెద్ద జట్లతో పోలిస్తే అరకొర డబ్బుతోనే 2016, 2017ల్లో నాలుగో స్థానం తెచ్చుకుంది.

కారు మీద కాషాయం, ఆకుపచ్చ చూసి మనవాళ్లు మురిసిపోయారు. కర్మాగారం ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ఉన్నా, ఆ జట్టు తరఫున ఒక్క భారతీయ డ్రైవరూ రేసులో దిగకపోయినా, పేరులో ఇండియా ఉంది, అదే చాలనుకున్నారు. ఆ పేరు వెనక డబ్బు మాత్రం అప్పటికే పుచ్చిపోతోంది. 2012 అక్టోబరులో మాల్యా కింగ్‌ఫిషర్ విమానాలు నేలకు దిగిపోయాయి. నెలల తరబడి జీతాల్లేక ఆ ఉద్యోగులు పడ్డ పాట్లు తెలిసినవారికి పోడియం మీది షాంపేన్ చేదుగానే ఉండేది. 2011లో జట్టులో వాటా కొన్న సహారా అధినేత సుబ్రతా రాయ్ 2014లో జైలుకెళ్లారు. 2016 మార్చిలో మాల్యా దేశం విడిచిపోయారు.

2018 ఆగస్టులో లారెన్స్ స్ట్రోల్ బృందం ఆదుకోవడానికి ముందుకొచ్చింది. కానీ మాల్యా వాటాల మీద భారతీయ బ్యాంకుల పట్టు ఉంది. వాళ్ల అనుమతి లేనిదే కంపెనీ చేతులు మారదు. దాంతో కొత్త యజమానులు యంత్రాలు, కార్లు, ఆస్తులు మాత్రం కొని, రేసింగ్ పాయింట్ ఫోర్స్ ఇండియా అన్న కొత్త జట్టుగా నమోదు చేయించారు. నిబంధన ప్రకారం పాత జట్టు పాయింట్లు 59 రద్దయ్యాయి. పెద్దల అప్పుకు పిల్లల కంచం జప్తు చేసినట్టయింది.

నమోదైన రెండు రోజులకే, ఆగస్టు 25న, మళ్లీ అదే స్పా. క్వాలిఫయింగ్ చివరి విడత మొదలవుతుండగా వాన దిగింది. దాదాపు అందరూ నున్నటి స్లిక్ టైర్ల మీదే బయల్దేరారు. బొటాస్ కారు గిర్రున తిరిగింది. ఒక్కొక్కరే వెనక్కొచ్చి తడికి పనికొచ్చే ఇంటర్మీడియట్ టైర్లు వేయించుకున్నారు. ఇక ట్రాక్ ఆరేకొద్దీ ప్రతి ల్యాపూ ముందుదానికంటే వేగం. ఆఖరి క్షణంలో గీత దాటినవాడిదే లాభం. ఫెరారీలో ఇంధనం చాలక రైకొనెన్ ఆరో స్థానంలో ఆగిపోయాడు. హామిల్టన్, వెటెల్‌ల వెనక మూడు ఒకాన్, నాలుగు పెరెజ్! రెండు రోజుల వయసున్న జట్టు రెండో వరసంతా ఆక్రమించింది.

అభిమానుల వాదన అప్పుడే మొదలైంది. ఒకాన్ సమయం పోల్‌కు మూడు సెకన్లకు పైగా వెనక, అదంతా వాన చలవేనని కొందరంటారు. తడిలో ఏ నిమిషంలో ఏ టైరుతో బయటికెళ్లాలో తేల్చుకోవడమే అసలు విద్య అని మరికొందరు. మర్నాడు పొడి ట్రాక్ మీద తొలి ల్యాపులోనే కెమెల్ స్ట్రెయిట్‌లో నాలుగు కార్లు పక్కపక్కనే దూసుకెళ్లాయి. అందులో రెండు వీళ్లవే. చివరికి పెరెజ్ ఐదు, ఒకాన్ ఆరు. వానే గెలిపించిందనేవాళ్లకు ఆదివారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఏడాది చివరికి కొత్త ఖాతాలో 52 పాయింట్లు, ఏడో స్థానం. పాత 59 కలిపితే 111. అప్పుడు 93 పాయింట్ల హాస్‌ను దాటి ఐదో స్థానం వాళ్లది. 2019కి ఒకాన్ సీటు యజమాని స్ట్రోల్ కొడుక్కి పోయింది. పేరులోంచి ఫోర్స్ ఇండియా కూడా పోయింది. 2021 నుంచి ఆ జట్టు ఆస్టన్ మార్టిన్.

స్పాలో అదృష్టం కలిసొచ్చిందనే ఒప్పుకుందాం. దాన్ని పట్టికలో ఉంచారు. చెరిపేసినవి మెకానిక్కులు, ఇంజనీర్లు, ఇద్దరు డ్రైవర్లు సీజను సగం పైగా చెమటోడ్చి తెచ్చిన పాయింట్లు. ఆ అప్పులు చేసినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.