పాత పావడాకు కొత్త అంచు

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. రాయల గురించి, చెరువుల గురించి రాయగలిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను రిబ్బన్ల గురించి రాస్తాను. నవ్వకండి.

మా తొమ్మిదో తరగతి గ్రూపు ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. నలుపు తెలుపు ఫోటో. ఆడపిల్లలందరం నీలం పావడా, తెల్ల జాకెట్టు, తెల్ల వోణీ. చూసేవాళ్ళకు అందరం ఒకటే. కానీ ఎవరి జడకు ఏ రంగు రిబ్బనుందో నేను ఇప్పటికీ చెప్పగలను. యూనిఫారం నిబంధనలో పావడాకు, జాకెట్టుకు, వోణీకి రంగులు రాశారు గానీ రిబ్బను మాట మరిచిపోయారు. ఆ సందులోంచే మా రంగులన్నీ బడిలోకి వచ్చాయి. కదిరి తేరుకు పోయినవాళ్ళు మూర రిబ్బను తెచ్చుకుంటే అది రెండుగా చీలి ఇద్దరి జడలెక్కేది. వారానికోసారి మార్చుకునేవాళ్ళం. కొత్త పావడా కుట్టించే స్తోమత ఏ ఇంట్లోనూ లేదు. కొత్తగా కనబడాలన్న కోరిక మాత్రం అందరికీ ఉండేది.

స్తోమత ఎందుకు లేదో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దింపుకుంటాయి. ఈశాన్యం మన దాకా వచ్చేసరికి నీరసపడుతుంది. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడాల్సినప్పుడు పడదు. ఈ జిల్లా బళ్ళారి నుంచి విడిపోయి ఏర్పడింది 1882లో. అంతకు కొద్ది ఏళ్ళ ముందే, 1876-78లో, ధాత కరువు ఈ నేలను ఊడ్చేసింది. మా జేజి చిన్నప్పుడు కూడా పెద్దవాళ్ళు ఆ కరువు పేరు గొంతు తగ్గించి పలికేవాళ్ళట. తరవాత వేరుశనగ వచ్చింది. చెనక్కాయ పండితే గుడ్డల అంగడి బాకీ తీరి ఇంటిల్లిపాదికీ ఒక జత వచ్చేది. పండకపోతే పాతదే.

ఆ పాతదాన్ని కొత్తది చేయడమే మా ఇళ్ళలో ఆడవాళ్ళ విద్య. వెలిసిపోయిన చీరకు సంతలో రంగు పొట్లం కొని, అండాలో నీళ్ళు కాచి, ఉప్పు వేసి ముంచేవాళ్ళు. రంగు అంతటా ఒకేలా పట్టేది కాదు. అలా మచ్చలు పడ్డ చీరను మా అమ్మ "మబ్బుల చీర" అని ముద్దుగా పిలిచి రెండేళ్ళు కట్టింది. రవికెకు మాత్రం కొంచెం ముదురు రంగు ముక్క కొనేది. చీర పాతదైనా రవికె వేరే రంగుదైతే మనిషే మారినట్టుండేది. మగవాళ్ళు కూడా తక్కువ తినలేదు. పంచె మట్టిరంగుకు తిరిగినా తేరునాడు భుజం మీద ఎర్రగళ్ళ తువ్వాల కొత్తది పడాల్సిందే.

ఇది మా తరం కనిపెట్టినదేమీ కాదు. బడి నుంచి లేపాక్షికి విహారయాత్ర పోయినప్పుడు సోషల్ సారు మమ్మల్ని వీరభద్రాలయం నాట్యమంటపంలో తలలెత్తించి నిలబెట్టారు. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కట్టించిన గుడి అది. సారు కిరాతార్జునీయం కథ చెబుతుంటే మేము పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరలు చూస్తున్నాం. చారలు, గళ్ళు, పువ్వులు. ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. మగవాళ్ళకు పొడుగాటి కుళ్ళాయిలు. (కన్నడ రాజ్యానికి పోయి కుళ్ళాయి పెట్టుకోవలసివచ్చిందని శ్రీనాథుడు వాపోయినట్టు ఒక చాటువు ప్రసిద్ధం. రుచి ఎవరిది వాళ్ళది.) వాడిన రంగులు చూస్తే ఎక్కువగా మట్టి రంగులే: కావి, పసుపు, నలుపు, సున్నపు తెలుపు, కొంచెం ఆకుపచ్చ. ఆ నాలుగైదింటితోనే అంత వైభవం. బయట లతామంటపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పక్షులు అచ్చం చీర అంచుల్లా ఉంటాయి. మేము నోటుపుస్తకం వెనక అట్ట మీద వాటిని గీసుకున్నాం. మాకంటే ముందే ధర్మవరం నేతగాళ్ళు ఆ నమూనాలను మగ్గం మీదికి ఎక్కించారు. ఇప్పటికీ వాటిని లేపాక్షి అంచులనే అంటారు.

ధర్మవరం పట్టుచీర అంటే వెడల్పాటి జరీ అంచు. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్ నుంచి, నేత ధర్మవరంలో, పెళ్ళి ఎక్కడో. నేసిన ఇంటి ఆడవాళ్ళు నూలుచీరల్లో ఉండేవాళ్ళు. మా ఇంట్లో జేజి పెళ్ళినాటి పట్టుచీర ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది. ఒళ్ళంతా మడతల దగ్గర చిరిగింది, అంచు మాత్రం చెక్కుచెదరలేదు. నేను పెద్దమనిషినైన ఏడు వానలు లేవు. జేజి ఆ చీర అంచు కత్తిరించి, మామూలు నూలు పావడాకు కుట్టించింది. "దీని వయసు యాభై ఏండ్లు మ్మే, నీ వయసు పన్నెండు" అంది. ఆ పావడా పొట్టి అయ్యాక అంచు విప్పి చెల్లెలి పావడాకు వేశారు. ఇప్పుడది నా మనవరాలి గాగ్రాకు ఉంది. గుడ్డలు మూడు మారాయి, అంచు ఒకటే.

1983లో రామారావు ప్రభుత్వం వచ్చాక సగం ధరకు జనతా చీరలు, ధోవతులు ఇచ్చారు. ఊరంతా ఒకే రకం చీరలు కనబడే రోజులవి. మా వీధి ఆడవాళ్ళు వాటికీ వేరే గుడ్డ అంచు కుట్టి, "ఇది జనతా చీర కాదు" అనిపించుకున్నారు. ప్రభుత్వం ఇచ్చింది గుడ్డ, అందం వాళ్ళది.

ఇక రాయక తప్పనిది ఒకటుంది.

తొమ్మిదో తరగతిలో మాతో ఒక సుగాలి అమ్మాయి చేరింది. ఆ తాండా నుంచి హైస్కూలుకొచ్చిన మొదటి ఆడపిల్ల. సుగాలీల పేటియా, కాంచళి చూసినవాళ్ళకు తెలుసు: అతుకుల మీద అతుకులు, అద్దాలు, గవ్వలు, చలామణి పోయిన అణాలకు బెజ్జం వేసి కుట్టిన వరసలు. పారేసే గుడ్డముక్కతో అంత పని చేయగలిగినవాళ్ళు ఈ సీమలో ఇంకెవరూ లేరని నేనిప్పుడు అనుకుంటాను. వాళ్ళమ్మ ఆ అమ్మాయి తెల్ల జాకెట్టు చేతి అంచుకు రెండు వేళ్ళ వెడల్పు అద్దాల ముక్క కుట్టి పంపింది. కిటికీ వెలుగు పడితే గోడ మీద చుక్కలు ఆడేవి. నేను "అద్దాల బీరువా" అన్నాను. తరగతంతా నవ్వింది. మరునాడు ఆ ముక్క లేదు. చేతి అంచున సూది బెజ్జాలు మిగిలాయి.

పొరుగున ఉన్న సండూరు లంబాణీల కుట్టుపనికి ఇవాళ భౌగోళిక గుర్తింపు ఉంది, మన ధర్మవరం చీరకున్నట్టే. హైదరాబాదు ప్రదర్శనలో అలాంటి అద్దాల సంచి ఒకటి కొని, ధర బేరమాడకుండా ఇచ్చేశాను. ఎందుకో నాకు తెలుసు.

మొన్నటి పూర్వవిద్యార్థుల సమావేశంలో ఆమె కనబడింది. టీచరుగా రిటైరయిందట. ఆ మాట ఎత్తి, క్షమించమన్నాను. నవ్వింది. "పీకి పారేశాననుకున్నావా? అమ్మ కుట్టింది ఎట్లా పారేస్తాను! లోపలికి తిప్పి కుట్టుకున్నా. పదో తరగతి దాకా చేతికి చల్లగా తగుల్తానే ఉండేది."

ఇంటికొచ్చి ఫోటో మళ్ళీ తీసి చూశాను. కుడివైపు చివర నిలబడి ఉంది. పచ్చ రిబ్బను.