కుట్టుమిషను మరమ్మతు: ఖర్చు వెనుక చరిత్ర

పుదుచ్చేరి పట్టణంలో ఇంటి వసారాలో రవికెలు కుట్టి జీవించే స్త్రీకి మిషను సర్వీసు ఖర్చు చిన్న విషయం కాదు. ఆ ఖర్చుకు ఒక చరిత్ర ఉంది.

1954 వరకు ఈ పట్టణాన్ని పాలించిన ఫ్రాన్సులోనే, 1830లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ కుట్టుయంత్రానికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడే, జీవనోపాధి పోతుందన్న భయంతో పారిస్ దర్జీలు ఆయన యంత్రాలను ధ్వంసం చేశారు. అమెరికాలో 1851లో పేటెంటు పొందిన సింగర్ కంపెనీ, 1856లో వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టి యంత్రాన్ని సామాన్యుల ఇళ్ళకు చేర్చింది. మన దేశంలో 1930ల మధ్యకాలంలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది.

ఇదంతా తయారీకి, అమ్మకానికి సంబంధించిన చరిత్ర. మరమ్మతుకు గ్రంథాలలో దక్కిన చోటు స్వల్పం. సర్వీసుకు చెల్లించే సొమ్ములో నూనె, సూది, బెల్టుల విలువ కొద్దిపాటిదే. సూది క్రిందికి దిగి పైకి లేచే క్షణాన ఏర్పడే దారపు మెలికను షటిల్ కొన అందుకోవాలి. ఆ క్షణం తప్పితే కుట్టు పడదు. శబ్దాన్ని బట్టి లోపాన్ని కనిపెట్టి సరిచేసే నైపుణ్యానికే మిగిలిన మూల్యం. మిషను మూలపడిన దినాల ఆదాయనష్టం ఏ రసీదులోనూ కనిపించదు.

2023లో ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ ఉన్నాడు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయమూ ఉంది. కుట్టుమిషను బాగుచేసే వృత్తి మాత్రం ఆ జాబితాలో లేదు. ప్రభుత్వం ఇచ్చే ప్రతి మిషనుతోపాటు కొన్నేళ్ళ సర్వీసు ఖర్చునూ అంచనాలలో చేర్చడం సముచితం.