చెరలో నేర్చిన పని

1675. ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే పట్టణానికి చెందిన రిచర్డ్ జాయిస్ అనే యువకుడు వెస్టిండీస్‌కు ఓడెక్కాడు. చేరలేదు. దారిలో అల్జీర్స్ సముద్రపు దొంగలు విరుచుకుపడ్డారు. వాళ్లకు సరుకెంతో మనుషులూ అంతే. ఉత్తరాఫ్రికా తీరానికి తీసుకెళ్లి అతన్ని బానిసగా అమ్మేశారు.

కొన్నవాడు ఓ తురుష్క కంసాలి. బాగా కలవాడు. కొన్నాళ్లు గమనించాడు. కుర్రాడు చెప్పిన మాట వింటున్నాడు, పని ఇట్టే పట్టేస్తున్నాడు. ఇలాంటివాణ్ని చాకిరీకి వాడుకోవడం దండగ అనుకున్నాడేమో, కుంపటి ముందు కూర్చోబెట్టాడు. మూసలో బంగారం ఎప్పుడు కళ్లు తెరుస్తుందో, వెలిగారం ఎంత చల్లాలో, ఆకురాయి ఎక్కడ ఆపాలో నోటితో చెబితే వచ్చేవి కావు. పక్కన కూర్చుని, వేళ్లు కాల్చుకుని నేర్చుకోవాల్సిందే. జాయిస్ త్వరలోనే ఆరితేరాడు. అయినా బానిస బానిసే.

1689లో మూడో విలియం ఇంగ్లండ్ గద్దెనెక్కాడు. తన ప్రజలను వెంటనే విడిచిపెట్టాలని అల్జీర్స్‌కు దూతను పంపాడు. అక్కడి పాలకులు అయిష్టంగానే ఒప్పుకున్నారు. పద్నాలుగేళ్ల చెర తీరింది.

కబురు విన్న యజమానికి గుండెల్లో రాయి పడింది. “ఇక్కడే ఉండిపో. నా ఒక్కగానొక్క కూతుర్ని ఇస్తాను, ఆస్తిలో సగం రాసిస్తాను” అన్నాడట. ఇంకా ఏవేవో ఆశలు చూపాడట. జాయిస్ ససేమిరా అన్నాడు. గాల్వే చేరి, పెళ్లి చేసుకుని, బజారులో కంసాలి కొట్టు పెట్టాడు.

జేమ్స్ హార్డిమన్ 1820లో అచ్చువేసిన గాల్వే చరిత్రలో ఉన్న కథ ఇది. జనం నోట మాత్రం మరో ముక్క కలిసింది. చెరలో ఉండగానే ప్రియురాలి కోసం ఉంగరం చేశాడనీ, ఆమె అన్నేళ్లూ కాచుకుని ఉందనీ. హార్డిమన్ రాసింది మాత్రం, తిరిగొచ్చాక పెళ్లాడాడని. అంతే.

ఆ ఉంగరమే క్లాడా ఉంగరం. గాల్వే కోటగోడల బయట, పూరిళ్ల బెస్తపల్లె క్లాడా. ఆ ఇళ్లను 1930ల్లో పడగొట్టేశారు, పేరు ఉంగరానికి మిగిలింది. రెండు చేతులు ఒక హృదయాన్ని పట్టుకుని ఉంటాయి, దాని మీద కిరీటం. చేతులు స్నేహానికి, హృదయం ప్రేమకు, కిరీటం విశ్వాసానికి గుర్తంటారు. చేతులు కలిపిన ఉంగరాలు యూరప్‌లో రోమన్ల నాటి నుంచీ ఉన్నాయి. ఈ పల్లెలో తల్లి ఉంగరం కూతురికి దక్కేది.

దీన్ని పోతపోసే పాత పద్ధతి ఒకటుంది. కటిల్‌ఫిష్ వీపులోని తెల్లటి ఎముక, మన మూలికల దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మేదే, అచ్చుకు పనికొస్తుంది. ఎముకను రెండు ముక్కలు చేసి, ఒకదానిమీద ఒకటి రుద్ది చదును చేస్తారు. మధ్యలో నమూనా ఉంగరం పెట్టి గట్టిగా నొక్కుతారు. మెత్తటి ఎముకలో గుంట పడుతుంది. నమూనా తీసేసి, బంగారం దిగడానికి పైనుంచి కాలువ గీసి, రెండు ముక్కలనూ తీగతో బిగించి, కరిగిన లోహం పోస్తారు. ఎముక చురచుర కాలుతుంది, కమురు కంపు కొడుతుంది. చల్లారాక విప్పితే ఉంగరం గరుకుగా ఉంటుంది. ఎముకలోని సన్నటి చారలు దాని ఒంటినిండా దిగి ఉంటాయి. వాటిని ఆకురాయితో తీసేసి, చీరణంతో వేళ్ల సందులు, కిరీటం మొనలు తీర్చాలి. మాడిన అచ్చు సాధారణంగా మళ్లీ పనికిరాదు. కనుక ఇంకో ఉంగరానికి ఇంకో ఎముక.

ఆఖరున ముద్ర. గాల్వే నుంచి, లోహం నాణ్యత చూసి ముద్ర వేసే డబ్లిన్ పరీక్షాలయానికి సరుకు పంపడం దూరాభారం. అందుకే అక్కడి కంసాలులు సొంత గుర్తులే వేసుకునేవారు. జాయిస్ గుర్తు పేరులోని తొలి అక్షరాలు, ఓ లంగరు. ఆ ముద్ర ఉన్నవి ఇప్పటికి మిగిలిన తొలినాటి క్లాడా ఉంగరాల్లో లెక్కకొస్తాయి.

మరి కనిపెట్టింది అతనేనా? జాయిస్ చెరలో ఉండగానే బార్తొలోమ్యూ ఫాలన్ అనే గాల్వే కంసాలి ఇలాంటివి చేశాడని వాదించేవాళ్లున్నారు. ఊహ ఎవరిదో తేలకపోయినా, లంగరు ముద్ర ఉన్నచోట పనితనం ఎవరిదో మాత్రం తెలుస్తుంది.

ఆ పనితనమే అతన్ని నిలబెట్టింది. పట్టణానికి పడమరగా రహూన్ ఎస్టేటును జాయిస్ కొన్నాడని హార్డిమన్ రాశాడు. అమ్మింది ఇంగ్లిష్ సేనాని క్రాంవెల్ సైన్యంలో పనిచేసిన కర్నల్ వేలీ. అల్జీర్స్‌లో ఉచితంగా వచ్చే సగం ఆస్తిని కాదన్నవాడు, సొంతూళ్లో ఎస్టేటుకు యజమాని అయ్యాడు. అదీ బానిసగా నేర్చిన పనితో, తన సంపాదనతో.