మాయను చూడగలిగిన నాటి నుండి

గర్భస్థ శిశువుకు ప్రాణవాయువును, ఆహారాన్ని అందించేది మాయ. అది గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉంటే నొప్పి లేకుండానే రక్తస్రావం మొదలవుతుంది. పూర్వం దీనిని వేలితో పరీక్షించి నిర్ధారించవలసి వచ్చేది. ఆ పరీక్షే రక్తస్రావాన్ని ఉధృతం చేయగలదు కనుక, సిజేరియన్‌కు సర్వం సిద్ధం చేసుకొని ఆపరేషన్ గదిలోనే చేసేవారు.

1930లలో మాయ స్థానాన్ని ఎక్స్‌రేతో పోల్చుకొనే ప్రయత్నాలు జరిగాయి. అయితే గర్భంలో ఉండగా ఎక్స్‌రే సోకిన పిల్లలలో క్యాన్సర్ ముప్పు ఎక్కువని 1950లలో ఆలిస్ స్టీవర్ట్ గుర్తించారు. 1958లో గ్లాస్గో వైద్యులు ఇయాన్ డొనాల్డ్, జాన్ మెక్‌వికర్, ఇంజనీరు టామ్ బ్రౌన్ ధ్వని తరంగాలతో తీసిన చిత్రాలను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. ఆ తరువాతి దశాబ్దంలోనే మాయ స్థానం అల్ట్రాసౌండ్‌కు అందింది.

మాయ ఎక్కడ ఉన్నదో తెలిసింది. ఎలా పనిచేస్తున్నదో తెలియవలసి ఉన్నది. 1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని డాప్లర్‌తో పరిశీలించారు. మాయలోని సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతింటే ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. శిశువు గుండె రెండు స్పందనల నడుమ విశ్రమించే క్షణంలో ఆ ప్రవాహం తగ్గుతుంది, ఆగిపోతుంది, చివరకు వెనుకకు మళ్ళుతుంది. శిశువుకు ఆపద దాపురించినదనే హెచ్చరిక అది.

ఈ హెచ్చరిక విలువ అరకు, పాడేరు, అనంతగిరి కొండలలో మరింత ఎక్కువ. రక్తహీనత, మలేరియా, సికిల్‌సెల్ వ్యాధి ఇక్కడి గర్భిణులను పీడిస్తున్నాయి. ఇవి మాయను కూడా దెబ్బతీయగలవు. రోడ్డు లేని గూడెం నుండి డోలీలో మోసుకొని రావలసిన తల్లికి రక్తస్రావం మొదలైతే, ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానమే. లింగనిర్ధారణను అరికట్టే 1994 నాటి చట్టం ప్రకారం స్కానింగ్ యంత్రాన్ని నమోదైన చోట, అర్హులే వాడాలి. ఆ చట్టం అవసరమే. కానీ యంత్రం సులభంగా కొండ ఎక్కదు కనుక గర్భిణియే దిగి రావాలి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజును వదులుకోరాదు.

ఐదవ నెల స్కానింగ్‌లో మాయ కిందికి ఉన్నదంటే కంగారు పడనక్కరలేదు. గర్భాశయం పెరిగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. 32 వారాలకు మరల చూపించుకోవాలి. అప్పటికీ కిందనే ఉంటే, రక్తపోటు ఎక్కువగా ఉన్నా, శిశువు ఎదుగుదల మందగించినా, వైద్యులు చెప్పిన తేదీకి ఆసుపత్రి చేరువకు వచ్చి ఉండాలి. మన్యంలో గర్భిణుల వసతి గృహాలు ఏర్పడినది ఇందుకే. స్కానింగ్ ముందుగా చెప్పగలదు. ఆ మాట విని ముందుగా కదిలితేనే దానికి సార్థకత.